రోగిని రైలెక్కించడం ఆపండి, బొమ్మను పంపండి



ఈసారి రాత పొడుగు. విషయం కూడా పొడుగైనదే, ఇరవై అడుగుల చిన్నపేగు గురించి. మా చదువు తమిళ మీడియంలో సాగింది, తెలుగు అక్షరం ఇంటి అరుగు మీద నేర్చుకున్నది. అక్షరం వంకర చూసి నవ్వేవాళ్ళు నవ్వండి, విషయం మాత్రం సగంలో వదిలిపెట్టకండి.

మన సంఘం గ్రూపులో కొన్నాళ్ళుగా రెండు మాటలు తిరుగుతున్నాయి. ఒకటి: "కెమెరా ఉన్న మాత్ర వచ్చింది, మింగితే చాలు, కడుపంతా ఫోటోలు తీస్తుంది, గొట్టం బాధ లేదు, సంఘం తరఫున ఒక క్యాంపు పెట్టిద్దాం." రెండోది, దానికి జవాబుగా వచ్చింది: "అవన్నీ హైదరాబాదు వాళ్ళకి, వేలూరు వెళ్ళగలిగినవాళ్ళకి. మన ఊరికి అవెందుకు?"

ఈ రెండు మాటలూ తప్పే అని మేము అంటున్నాం. మొదటిది అమాయకత్వం. రెండోది అంతకంటే ప్రమాదం, ఎందుకంటే అది అలవాటు. మనకు రావలసినది మనమే వద్దనుకునే అలవాటు.

ముందు ఆ మాత్ర సంగతి తెలుసుకుందాం. దాన్ని డాక్టర్లు క్యాప్సూల్ ఎండోస్కోపీ అంటారు. దీని వెనుక ఉన్న మనిషి డాక్టరు కాదు, ఇంజనీరు. పేరు గాబ్రియేల్ ఇద్దాన్. ఇజ్రాయెల్‌లో రఫేల్ అనే రక్షణ సంస్థలో క్షిపణులకు కళ్ళు తయారుచేసే పని ఆయనది. 1981లో అమెరికాలోని బోస్టన్‌లో ఉన్నప్పుడు పక్కింట్లో ఉన్న ఒక పొట్ట జబ్బుల డాక్టరు, చిన్నపేగు లోపల ఏం జరుగుతోందో చూడలేకపోతున్నామని చెప్పాడట. క్షిపణి ముక్కులో పెట్టే కన్ను మనిషి పేగులో ఎందుకు పెట్టకూడదు అన్న ఆలోచన అక్కడ మొదలైంది. తక్కువ కరెంటుతో నడిచే చిన్న కెమెరా చిప్పులు వచ్చేదాకా ఆ ఆలోచన కాగితం మీదే ఉండిపోయింది. 1998లో గివెన్ ఇమేజింగ్ అనే కంపెనీ పెట్టారు. 1999లో లండన్ డాక్టరు పాల్ స్వైన్ తానే ముందు మింగి చూశాడు. 2000లో నేచర్ పత్రికలో ఆ సంగతి అచ్చయింది. 2001లో అమెరికా ప్రభుత్వం వాడుకకు అనుమతి ఇచ్చింది.

మాత్ర పొడవు 26 మిల్లీమీటర్లు, లావు 11 మిల్లీమీటర్లు. బరువు నాలుగు గ్రాముల లోపు. అందులో ఒక కెమెరా, చిన్న చిన్న దీపాలు, బ్యాటరీ, బొమ్మను బయటికి పంపే బుల్లి ట్రాన్స్‌మిటర్ ఉంటాయి. రోగి నడుముకి ఒక బెల్టు కడతారు, దానికి ఒక రికార్డరు వేలాడుతుంది. పొద్దున్న పరగడుపున మాత్ర మింగాలి. అన్నం ముద్ద ఎలా జరుగుతుందో అదీ అలాగే జరుగుతుంది, పేగు దానంతట అదే తోసుకుంటూ పోతుంది. మొదట్లో వచ్చిన మాత్రలు సెకనుకు రెండు బొమ్మలు తీసేవి, ఎనిమిది గంటలు పనిచేసేవి. లెక్క మీరే వేసుకోండి: ఎనిమిది గంటలు అంటే 28,800 సెకన్లు, రెండేసి చొప్పున 57,600 బొమ్మలు. ఇప్పుడు వచ్చేవి ఇంకా ఎక్కువ తీస్తాయి, ఎక్కువసేపు పనిచేస్తాయి. పని అయిపోయాక మాత్ర మలంతో పాటు బయటికి పోతుంది. దాన్ని వెతికి తీయక్కరలేదు, బొమ్మలన్నీ రికార్డరులోనే ఉంటాయి.

ఈ చివరి మాట గుర్తు పెట్టుకోండి. బొమ్మలన్నీ రికార్డరులో ఉంటాయి. మేము చెప్పబోయేదంతా దీని మీదే నిలబడి ఉంది.

ఇది ఎవరికి కావాలి? నోట్లోంచి వేసే గొట్టం అన్నవాహిక, జీర్ణాశయం, చిన్నపేగు మొదటి జానెడు మేర చూస్తుంది. కింద నుంచి వేసే గొట్టం పెద్దపేగంతా, చిన్నపేగు చిట్టచివర కొంచెం చూస్తుంది. మధ్యలో ఉన్న ఇరవై అడుగులూ ఈ రెండు గొట్టాలకూ అందవు. పేగులోంచి రక్తం పోయే రోగుల్లో నూటికి అయిదుగురి దాకా పైన చూసినా, కింద చూసినా ఏమీ కనపడదు. రక్తం మాత్రం పోతూనే ఉంటుంది. విరేచనం నల్లగా తారులా వస్తుంది, లేదా కంటికి కనపడకుండానే పోతుంది. మనిషి తెల్లబడతాడు, మెట్లెక్కితే ఆయాసం, కాళ్ళలో నీరు. రక్తం ఎక్కిస్తే నెల రోజులు బాగుంటాడు, మళ్ళీ మొదటికొస్తుంది. ఈ మాత్ర పుట్టింది అలాంటి మనిషి కోసం. క్రోన్స్ అనే పేగు పుండ్ల జబ్బు అనుమానం ఉన్నవాళ్ళకి కూడా పనికొస్తుంది. అంతేగాని గ్యాస్ పట్టిందనీ, పులితేన్పులొస్తున్నాయనీ, మొలలున్నాయనీ మింగేది కాదు.

ఇప్పుడు మన జిల్లా సంగతికి వద్దాం.

మేము బుకింగ్ కిటికీ వెనుక కూర్చున్న రోజుల్లో రోగుల మొహాలు చూసి ఊరి పేరు ముందే చెప్పేవాళ్ళం. చేతిలో ఎక్స్‌రే కవరు, సంకలో సంచి, పక్కన ఒక ముసలామె ఉంటే కాట్పాడి. కాట్పాడి దిగితే వేలూరు ఆసుపత్రి. మాసిన తువాలు, ఇద్దరు మనుషులు, "ఏ బండి తొందరగా పోతుంది బాబూ" అంటే విశాఖపట్నం. కాస్త డబ్బున్నవాళ్ళయితే సికింద్రాబాదు. ఉత్తరం వైపు వెళ్ళేవాళ్ళు భువనేశ్వర్, కటక్. క్యాన్సర్‌కి రాయితీ ఫారం ఉంది, గుండెకి ఉంది, కిడ్నీకి ఉంది, టీబీకి ఉంది. డాక్టరు రోగం పేరు రాసి సంతకం పెట్టాలి. అయితే రక్తం ఎక్కడి నుంచి పోతోందో తెలియని మనిషికి ఏ పేరు రాస్తారు? పేరు తెలుసుకోవడానికే కదా అతను బండెక్కుతున్నది. పేరు లేని రోగానికి పూర్తి చార్జీ. ఇలాంటి వాళ్ళకి టికెట్టు ఇచ్చి, చిల్లర లెక్కపెట్టి చేతిలో పెట్టాం. ఒక్కరికి కాదు, ఏళ్ళ తరబడి.

1936 ఏప్రిల్ 1 దాకా ఈ గంజాం మద్రాసు రాష్ట్రంలో ఉండేది. అప్పుడు పెద్ద రోగమొస్తే మద్రాసు మెయిలే దిక్కు. ఆ తరువాత ఒడిశాలో కలిశాం. 1962లో మన ఊళ్ళోనే మెడికల్ కాలేజీ వచ్చింది, ఇప్పుడు దాన్ని ఎంకేసీజీ అంటున్నాం. గంజామే కాదు, గజపతి, కంధమాల్, రాయగడ కొండల నుంచి కూడా జనం అక్కడికే వస్తారు. అది మనందరికీ పెద్ద దిక్కు, అందులో సందేహం లేదు. అయినా కొన్ని రోగాలకి ఇంకా బండెక్కే అలవాటు పోలేదు. భువనేశ్వర్ దాదాపు 170 కిలోమీటర్లు, విశాఖ దాదాపు 280. హైదరాబాదు అయితే తొమ్మిది వందల పైమాటే.

మన సంఘంలో ఒక అక్క ఉంది, నేత కుటుంబం. పేరు, వీధి రాయం. బరంపురం పట్టుకి 2012లో జీఐ గుర్తింపు వచ్చిందని మనం సన్మానాలు చేసుకున్నాం కదా, ఆ పట్టు నేసే ఇళ్ళలో ఒకటి అనుకోండి. ఆమెకి హిమోగ్లోబిన్ ఆరుకి పడింది. రక్తం ఎక్కించారు. పై గొట్టం, కింది గొట్టం రెండూ వేశారు, ఏమీ లేదన్నారు. మళ్ళీ పడింది, మళ్ళీ ఎక్కించారు. చివరికి ఒక డాక్టరు, మాత్ర పరీక్ష చేయించుకోండి, పెద్ద ఊరు వెళ్ళాలి అన్నాడు. కొడుకు సూరత్‌లో మగ్గాల మీద పని వదులుకుని వచ్చాడు. తల్లిని తీసుకుని రాత్రి బండిలో వెళ్ళాడు. అక్కడ లాడ్జి. ఆసుపత్రిలో పేరు రాయించుకున్న రెండో రోజు డేటు ఇచ్చారు. అక్కడ జరిగిన పరీక్ష ఏమిటో తెలుసా? పొద్దున్న మాత్ర మింగింది. బెంచీ మీద కూర్చుంది. వరండాలో అటూ ఇటూ నడిచింది. కొన్ని గంటలయ్యాక తాగడానికి, ఆ పైన తినడానికి కాస్త ఇచ్చారు. సాయంత్రం బెల్టు విప్పి ఇచ్చేసింది. అంతే. రిపోర్టుకి ఇంకో మూడు రోజులు ఉండమన్నారు.

చిన్నపేగులో పుండ్లు కనపడ్డాయి. మోకాళ్ళ నొప్పికి మందుల షాపులో చీటీ లేకుండా కొనుక్కుని ఏళ్ళ తరబడి వేసుకున్న నొప్పి మాత్రల వల్ల అన్నారు. ఆ మాత్రలు ఆపించారు, మందులిచ్చారు. ఇప్పుడు కులాసాగా ఉంది. ఆమె వెళ్ళిన ఆసుపత్రి మీద మాకు ఫిర్యాదు లేదు, వాళ్ళు వాళ్ళ పని సరిగా చేశారు.

మా ప్రశ్న వేరు. ఆ పరీక్షలో బరంపురంలో జరగలేనిది ఏముంది? మాత్ర మింగడం ఇక్కడ చేతకాదా? బెంచీ మీద కూర్చోవడం చేతకాదా? బెల్టు కట్టే నర్సు మన ఊళ్ళో లేదా? చదువుకున్న కన్ను అవసరమైనది ఒక్కచోటే, ఆ యాభై వేల బొమ్మలు చూసి ఇది పుండు, ఇది రక్తపు చార, ఇది ఏమీ కాదు అని చెప్పే చోట. దానికి మంచి అనుభవం ఉన్న డాక్టరు కావాలి, ఓపిగ్గా గంట దాకా స్క్రీన్ ముందు కూర్చోవాలి. ఆ డాక్టరు కటక్‌లో ఉండవచ్చు, భువనేశ్వర్ ఎయిమ్స్‌లో ఉండవచ్చు, హైదరాబాదులో ఉండవచ్చు. అయితే ఆయన చూసేది అక్కని కాదు, బొమ్మలని. బొమ్మలు తీగ మీద వెళ్తాయి. మన ఇళ్ళలో పెళ్ళి వీడియో అమెరికాలో ఉన్న కొడుక్కి సాయంత్రానికల్లా చేరుతోంది. అక్క పేగు వీడియో కటక్ చేరదా?

రైల్వేలో పనిచేసినవాళ్ళకి ఒక సంగతి తెలుసు. బండి కదలకముందే కబురు కదులుతుంది. ఈ స్టేషను మాస్టరు ముందు స్టేషనుని అడిగి, అక్కడ నుంచి లైన్ క్లియర్ వచ్చాకే బండిని వదులుతాడు. కబురు లేకుండా బండిని తోయడం నేరం. మనం రోగుల విషయంలో చేస్తున్నది సరిగ్గా దానికి తిరగేసి. ఎందుకు వెళ్తున్నాడో, అక్కడ ఎవరు చూస్తారో, అసలు వెళ్ళే అవసరం ఉందో లేదో తెలియకుండా మనిషిని తోసేస్తున్నాం. కబురు ముందు వెళ్ళాలి. బొమ్మ ముందు వెళ్ళాలి. ఆపరేషనో, ఇంకో పెద్ద చికిత్సో తప్పదని తేలితే అప్పుడు మనిషి వెళ్తాడు, చేతిలో రోగం పేరు పెట్టుకుని వెళ్తాడు.

ఇది మా ఊహ కాదు. స్కాట్లాండ్‌లో ఉత్తరాన కొండ ప్రాంతాలు, సముద్రంలో దీవులు ఉన్నాయి. పెద్ద ఆసుపత్రికి రావాలంటే అక్కడివాళ్ళకీ మనలాగే ఒక రోజు ప్రయాణం. వాళ్ళు పెద్దపేగు చూసే రకం మాత్రని అక్కడి రోగులకి ఇంటికి దగ్గరలోనే మింగించి, బొమ్మలని దూరంగా ఉన్న నిపుణులతో చదివించారు. 2021లో ఇంగ్లండ్ ప్రభుత్వ వైద్య శాఖ పదకొండు వేల మందికి ఇలాంటి మాత్రలు ఇచ్చే పని మొదలుపెట్టింది, కరోనా వల్ల ఆసుపత్రుల్లో గొట్టం పరీక్షలకి వరుస పెరిగిపోయిందని. అది పెద్దపేగు సంగతి, మనం మాట్లాడేది చిన్నపేగు సంగతి, తేడా తెలుసు. దారి మాత్రం ఒకటే: మాత్ర ఇక్కడ, కన్ను అక్కడ.

అంత దూరం ఎందుకు? ఇరవై ఏళ్ళ కిందటే మన ఒడిశాలోని మూడు పాత మెడికల్ కాలేజీలని, అంటే కటక్, బుర్లా, మన బరంపురం, ఇస్రో ఉపగ్రహం ద్వారా లక్నోలోని సంజయ్ గాంధీ పీజీఐకి కలిపారు. ఇక్కడి కేసులు అక్కడి డాక్టర్లు తెర మీద చూసి సలహా చెప్పడానికే ఆ ఏర్పాటు. అప్పటికి మన చేతుల్లో స్మార్ట్ ఫోన్లు లేవు. అప్పుడు సాధ్యమైనది, ప్రతి పాన్ షాపులో కోడ్ స్కాన్ చేసి డబ్బు కడుతున్న ఈ రోజుల్లో అసాధ్యమా?

పక్కనే ఉన్న ఉద్దానాన్ని చూడండి. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట వైపు మన చుట్టాలు లేనివాళ్ళు ఎవరు? అక్కడ కిడ్నీ జబ్బు ఊళ్ళకి ఊళ్ళని తినేసింది. ఒకప్పుడు డయాలసిస్ కోసం విశాఖ పరుగెత్తేవాళ్ళు. పత్రికలు రాశాయి, జనం అడిగారు, అడుగుతూనే ఉన్నారు. దగ్గరలోనే డయాలసిస్ యంత్రాలు వచ్చాయి. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, రెండు వందల పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. జబ్బు పోయిందని కాదు. యంత్రం మనిషి దగ్గరికి రాగలదని తెలిసింది. అడగకపోతే అదీ వచ్చేది కాదు.

ఇప్పుడు ఎదురు మాటలకి జవాబు చెబుతాం, ఒక్కటీ దాటవేయం.

ఒకటి, ఖరీదు. నిజమే. మాత్ర ఒక్కసారి వాడి పారేసేది, దాని ధరే పదుల వేల రూపాయలు. అయితే ఇది జిల్లా జనాభా అందరికీ కాదు. రెండు గొట్టాలూ వేసి, ఏమీ దొరక్క, రక్తం పోతూనే ఉన్న కొద్దిమందికి. అలాంటి ఒక మనిషికి ఏడాదిలో ఎన్ని సీసాల రక్తం ఎక్కుతోంది, ఎన్ని రోజులు మంచం ఆక్రమిస్తున్నాడు, ఇంటి నుంచి ఎంత కూలి పోతోంది, ఎన్ని గాజులు తాకట్టుకి వెళ్తున్నాయి? ఆ లెక్క పక్కన ఈ లెక్క పెట్టి చూడండి. పైగా ఇవాళ కూడా మాత్ర డబ్బు మనవాళ్ళు కడుతూనే ఉన్నారు, దాని మీద రైలు, లాడ్జి, కూడు అదనం. మేము తగ్గించమంటున్నది ఆ అదనం.

రెండు, "ముందు మంచినీళ్ళు, పురుగుల మందు చూడండి, తరువాత కెమెరాలు." ఈ మాట అన్నవాళ్ళకి మేము దండం పెడతాం, ఎందుకంటే సగం నిజం. చెప్పుల్లేకుండా తడి మట్టిలో తిరిగేవాళ్ళ కాళ్ళలోంచి కొంకి పురుగు ఎక్కుతుంది, పేగుకి కరుచుకుని రక్తం తాగుతుంది. మన దేశంలో లక్షణమైన కెమెరా మాత్ర మింగించి చూస్తే, లోపల కొంకి పురుగులు తాపీగా వేలాడుతూ కనపడిన కేసులున్నాయి. ఒక్క ఆల్బెండజోల్ బిళ్ళతో పోయేదానికి వేలు పోసి ఫోటో తీసినట్టు. అందుకే వరుస తప్పకూడదంటున్నాం. ముందు మల పరీక్ష, పురుగుల మందు. ఫిబ్రవరి 10న బడుల్లో నులిపురుగుల రోజున పిల్లలకి బిళ్ళ వేస్తారు కదా, ఆ రోజు మన పిల్లలని బడి మానిపించకండి. తరువాత నొప్పి మాత్రల లెక్క. గుంట మగ్గంలో కూర్చుని నడుము పట్టేసినవాళ్ళు రోజూ ఏం వేసుకుంటున్నారో డాక్టరుకి నిజం చెప్పాలి. ఆ తరువాత పై గొట్టం, కింది గొట్టం. ఇవన్నీ అయ్యాక కూడా జవాబు దొరకనివాడికే మాత్ర. వరుసలో ఆఖరున ఉన్నంత మాత్రాన వరుసలో లేనట్టు కాదు. టికెట్టు వరుసలో ఆఖరివాడికి కూడా టికెట్టు ఇవ్వాలి కదా, కిటికీ మూసేయకూడదు కదా.

మూడు, లోపల ఇరుక్కుంటే? ఇరుక్కోవచ్చు. నూటికి ఒకరికో ఇద్దరికో అలా అవుతుంది. పేగు ఎక్కడైనా సన్నబడి ఉంటే ప్రమాదం ఎక్కువ. మన దేశంలో పేగు టీబీ ఉంది, అది పేగుని సన్నబరుస్తుంది. అందుకే ముందు కడుపునొప్పి, వాంతులు, పాత ఆపరేషన్లు అన్నీ అడగాలి, అనుమానం ఉంటే స్కానింగ్ తీయాలి. లోపలే కరిగిపోయే నమూనా మాత్ర కూడా ఉంది, దారి తెరిచి ఉందో లేదో చూడడానికి. అసలు మాత్ర బయటికి పోయేదాకా ఎంఆర్ఐ గదిలోకి వెళ్ళకూడదు. ఇరుక్కుంటే తీయడానికి సర్జన్లు ఉండాలి. ఇదంతా చూస్తే తేలేదేమిటి? ఈ పరీక్ష జరగాల్సింది సర్జరీ విభాగం ఉన్న మెడికల్ కాలేజీలో. కల్యాణ మండపంలో షామియానా వేసి కాదు.

క్యాంపు పెట్టిద్దామన్న తమ్ముళ్ళూ, ఇది మీకు. మీ మనసు మంచిదే. మన సంఘం కళ్ళ క్యాంపులు పెట్టింది, షుగరు, బీపీ చూపించింది, బాగుంది. ఇది అలాంటిది కాదు. బాగున్న మనిషికి ఈ మాత్ర మింగిస్తే లాభం లేదు, నష్టం ఉండవచ్చు. మాత్ర ముక్క తీయలేదు, రక్తం ఆపలేదు, కణితి కోయలేదు, చూడడం ఒక్కటే దానికి తెలుసు. ఎక్కడైనా పుండో కణితో కనపడితే మళ్ళీ గొట్టమో, ఆపరేషనో తప్పదు. గొట్టమంటే భయం కాబట్టి మాత్ర మింగుతాం అనేవాళ్ళు ఒకటి తెలుసుకోండి: చిన్నపేగు చూడడానికి చేసిన మాత్ర జీర్ణాశయంలో, పెద్దపేగులో ఉన్నది చూడకుండా దాటిపోవచ్చు. అక్కడ క్యాన్సరుంటే, "అన్నీ బాగున్నాయట" అని మనం ఇంటికి వచ్చి పడుకుంటాం. చవక భయానికి ఖరీదైన ధైర్యం కొనుక్కోవడం అంటే ఇదే. ఎవరైనా ఏజెంటు వచ్చి "సంఘం సభ్యులకి ప్యాకేజీ" అంటే, కుర్చీ వేసి టీ ఇచ్చి పంపించండి, సంతకం మాత్రం పెట్టకండి.

నాలుగో మాట, "అవన్నీ పెద్ద ఊళ్ళవాళ్ళకి." దీని మీద మాకు అన్నిటికంటే కోపం. హైదరాబాదులో డాక్టర్ డి. నాగేశ్వర రెడ్డి గారు ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీని కట్టారు, 2025లో పద్మ విభూషణ్ అందుకున్నారు. తెలుగువాళ్ళం అని మనం ఆ రోజు గ్రూపులో ఎన్ని దండలు వేశాం! గర్వపడడం మంచిదే. అయితే గర్వం ఒక్కటే మన వాటానా? హైదరాబాదు గర్వం మనకి, హైదరాబాదు వైద్యం వాళ్ళకా? మన బరంపురంలో పుట్టిన వి.వి. గిరి గారు రాష్ట్రపతి అయ్యారని ఇప్పటికీ చెప్పుకుంటాం. ఆయన రైల్వే కార్మికుల తరఫున నిలబడి అడిగినవాడు. అడగడం ఆయన నుంచి నేర్చుకోకుండా, ఆయన పుట్టిన ఊరి పేరు మాత్రం చెప్పుకుంటే ఏం ఉపయోగం?

అందుకని సంఘం ముందు ఈ కోరికలు పెడుతున్నాం. వచ్చే జనరల్ బాడీలో చర్చకి రావాలి.

మొదటిది, ఎంకేసీజీ సూపరింటెండెంటు గారికి, భువనేశ్వర్‌లోని ఆరోగ్య శాఖకి సంఘం తరఫున విజ్ఞప్తి పత్రం. ఒడియాలో రాద్దాం, మర్యాదగా రాద్దాం. అడిగేది ఇంతే: అవసరమని డాక్టర్లు తేల్చిన రోగికి క్యాప్సూల్ పరీక్ష బరంపురంలోనే జరగాలి, బొమ్మలు రాష్ట్రంలోని నిపుణుల దగ్గరికి వెళ్ళాలి, రిపోర్టు ఇక్కడికే రావాలి, రోగి ఇక్కడే ఉండాలి. ఆరోగ్య కార్డు మీద ఈ పరీక్ష ఏ షరతులతో దొరుకుతుందో గోడ మీద ఒడియాలో, తెలుగులో రాసి పెట్టాలి. ఇది తెలుగువాళ్ళ కోసం ఒక్కటే అడిగేది కాదు. కంధమాల్ కొండ దిగి వచ్చిన కుయి తల్లికీ, ఆస్కా రైతుకీ అదే బాధ. మన ఒడియా సంఘాల మిత్రులని కూడా సంతకం పెట్టమని అడుగుదాం, వాళ్ళు కాదనరు.

రెండోది, మనం చేసుకోగలిగినది. మన పెద్దవాళ్ళలో చాలామంది డాక్టరు దగ్గర ఒడియాలో రోగం సరిగా చెప్పుకోలేరు. "నల్ల విరేచనం" అన్న మాట సిగ్గుపడి మింగేస్తారు. అక్కడే సగం ఆలస్యం. సంఘం నుంచి ఇద్దరు ముగ్గురు రిటైర్డువాళ్ళం వంతులవారీగా ఆసుపత్రిలో తోడు ఉంటాం, మాకు పొద్దుపోదు, ఒడియా వచ్చు, ఫారాలు నింపడం జీవితమంతా చేసిన పనే. ఒక చిన్న కరపత్రం కూడా వేద్దాం: ఐరన్ మాత్రల వల్ల కూడా మలం నల్లబడుతుంది కాబట్టి డాక్టరుకి చెప్పాలని, పరీక్షకి కొన్ని రోజుల ముందు వాటిని ఆపమంటారని, ఎన్ని గంటలు పస్తు ఉండాలో, మాత్ర మింగాక ఏ నొప్పి వస్తే పరుగెత్తాలో. పెద్ద అక్షరాల్లో, రెండు భాషల్లో.

మూడోది, డబ్బు. సన్మానానికి ఒక శాలువా, ఒక జ్ఞాపిక, ఒక బొకే. ఏడాదిలో ఎన్ని వేశామో ఖజాంచి గారి పుస్తకంలో ఉంది. ఒక్క ఏడాది శాలువాలు ఆపుదాం. చలికాలంలో కూడా మన ఊళ్ళో వాటితో పెద్దగా పని పడదు. ఆ డబ్బు విడిగా పెట్టి, రక్తం కోసం, మందుల కోసం తిరిగే సభ్యుల ఇళ్ళకి వాడదాం. శాలువా కప్పించుకోవలసినవాళ్ళ జాబితాలో మేమూ ఉన్నాం, మా పేరు ముందు కొట్టేయండి.

కోపంగా రాశారని అనేవాళ్ళు ఉంటారు. అవును, కోపంగానే రాశాం. సుఖంగా మింగే మాత్రని ఎక్కడో ఒక ఇంజనీరు కష్టపడి తయారుచేశాడు, రోగికి బాధ తగ్గాలని. గొట్టం బాధ తగ్గింది. మన జిల్లా రోగికి అసలు బాధ గొట్టం కాదు, జనరల్ బోగీ. హిమోగ్లోబిన్ ఆరు ఉన్న మనిషి తలుపు దగ్గర కింద కూర్చుని రాత్రంతా వెళ్ళడం. ఆ బాధ తీయడానికి కొత్త కనిపెట్టడాలు అక్కరలేదు, ఒక రికార్డరు, ఒక కంప్యూటరు, ఒక ఒప్పందం చాలు.

ఈ రాత కింద "బాగా రాశారు గురువుగారూ" అని పెట్టకండి. మీ ఇంట్లోనో వీధిలోనో రెండు గొట్టాలూ వేయించుకుని, జవాబు దొరక్క రక్తం ఎక్కించుకుంటున్నవాళ్ళు ఎవరైనా ఉంటే, వాళ్ళ పేరు ఇక్కడ రాయకుండా సంఘం కార్యదర్శికి ఫోను చేసి చెప్పండి. విజ్ఞప్తి పత్రంలో మన దగ్గర ఇంతమంది ఉన్నారని అంకె రాయాలి. అంకె లేని కాగితాన్ని ఏ ఆఫీసులోనూ తిప్పి చూడరు. అది మాకు సర్వీసులో తెలిసిన సంగతి.

ఇట్లు,
మీ సంఘ సభ్యులం, రిటైర్డు రైల్వే ఉద్యోగులం,
బరంపురం